చివరి బెంచీ దాకా

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ఊళ్లో చూసినా బడి గోడలకు ఫ్లెక్సీలు వేలాడుతుంటాయి. కార్పొరేటు బడికి ఒకటి, గురుకులానికి ఒకటి, సిస్టర్ల బడికి ఒకటి. వరసగా పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ఒక అంకె. కథోలిక బడి ఫ్లెక్సీలో ఓ మూల మరియమాత బొమ్మ ఉంటుంది, అంతే తేడా. ఆ ఫొటోల్లోని పిల్లలంటే నాకు చాలా గౌరవం. తండ్రి బొగ్గుబాయి పనికి పోతూ, తల్లి బీడీలు చుడుతూ ఉన్న ఇంట్లోంచి వచ్చి పదికి పది తెచ్చుకున్న ఆడపిల్ల ఫొటో ముందు ఎన్నోసార్లు ఆగి నిలబడ్డాను. ఆ అంకె వెనక ఎన్ని రాత్రుళ్లు ఉంటాయో మా ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అయినా ఒక ప్రశ్న నన్ను వదలదు. దేవుడి పేరున పెట్టిన బడీ, లాభం కోసం పెట్టిన బడీ ఫలితాల రోజున ఒకేలా కనబడితే, ఆ దేవుడు బడిలో ఎక్కడున్నట్టు? ప్రార్థనలో ఉన్నాడనీ, తరగతి గోడ మీది శిలువలో ఉన్నాడనీ చెప్పేయొచ్చు. నేను హిందూ ఇంట్లో పుట్టి సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి. ఇన్నేళ్లుగా చూసినదాన్ని బట్టి నాకు అనిపించేది ఏమిటంటే, కథోలిక బడిలో విశ్వాసం ఉందో లేదో తెలియాలంటే రెండు చోట్లకు పోవాలి. ఒకటి, అడ్మిషన్ల రోజుల్లో ఆఫీసు గది. రెండోది, తరగతిలో చివరి బెంచీ.

ఈ బడులు మా దగ్గరికి రెండు దారుల్లో వచ్చాయి. గోదావరికి దక్షిణాన ఉన్న పాత కరీంనగర్ జిల్లా వరంగల్ మేత్రాసనం (డయోసిస్) కిందికి వస్తుంది. ఆ మేత్రాసనం 1952లో హైదరాబాద్ నుంచి విడివడి ఏర్పడింది. తొలి పీఠాధిపతి అల్ఫోన్సో బెరెట్టా ఇటలీ దేశస్థుడు, 1850లో మిలాన్‌లో మొదలైన పీమే సభకు చెందిన గురువు. కాజీపేట ఫాతిమానగర్‌లో కెథడ్రల్ లేచింది, 1955లో గాబ్రియేల్ సహోదరులు సెయింట్ గాబ్రియేల్ బడి తెరిచారు. గోదావరికి ఉత్తరాన కథ వేరు. మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాలకు కేరళ సీరో మలబారు గురువులు వచ్చారు. 1962లో మహారాష్ట్రలోని చందా మిషన్‌ను ఆ కేరళ గురువుల సీఎంఐ సభకు అప్పగించినప్పుడు ఆదిలాబాద్ జిల్లా కూడా అందులోనే ఉంది. మా చిన్నప్పుడు మా ఊరి ఫాదర్‌కు పైఅధికారి అయిన బిషప్ మహారాష్ట్రలో ఉండేవారు. 1999లో ఆదిలాబాద్ వేరే మేత్రాసనం అయింది, బిషప్ నివాసం మంచిర్యాలలో ఏర్పడింది. గోదావరిఖని నుంచి వంతెన దాటి మంచిర్యాల వైపు పోతే దివ్యబలిపూజ క్రమమే మారిపోతుంది. ఇటు లాటిన్ రీతి, అటు సీరో మలబారు రీతి. తల్లిదండ్రులకు మాత్రం రెండు ఒడ్డులా ఒకటే పేరు, సిస్టర్ల బడి.

సీఎంఐ గురువుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా ప్రశ్నకు జవాబు సగం అక్కడే దొరుకుతుంది. ఆ సభ స్థాపకుల్లో ఒకరైన చావర కురియాకోస్ ఏలియాస్ 1846లో కేరళలోని మన్నానంలో సంస్కృత పాఠశాల తెరిచారు. 1864లో, తన అధికారం కింద ఉన్న ప్రతి చర్చీ పక్కనే ఒక బడి పెట్టాలని ఉత్తర్వు పంపారు. బడి పెడితే చాలదు, ఆకలితో ఉన్న పిల్ల రాదని కూడా ఆయనకు తెలుసు. ఇంట్లో వంటకు బియ్యం కొలిచేటప్పుడు ప్రతి తల్లీ ఒక పిడికెడు పక్కకు తీసిపెట్టాలనీ, ఆ బియ్యంతో బీద పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టాలనీ ఏర్పాటు చేశారు. 2014లో పోప్ ఫ్రాన్సిస్ ఆయనను పునీతుడిగా ప్రకటించారు. ఆ ఉత్తర్వు వెలువడిన దాదాపు నూరేళ్లకు ఆయన సభవాళ్లు మా బొగ్గు ఊళ్లకు వచ్చారు. వాళ్ల చదువు సంప్రదాయంలో పలక పక్కనే పిడికెడు బియ్యం ఉంది. ఎవరి ఆకలి ఎంతో తెలుసుకోకుండా ఎవరికి ఎన్ని మార్కులో లెక్కపెట్టడం ఆ సంప్రదాయానికి పొసగదు.

మా ప్రాంతపు తల్లిదండ్రుల విశ్వాసం గురించి కూడా చెప్పుకోవాలి. వసంత పంచమికి బాసర పోయి చూస్తే తెలుస్తుంది. మంచిర్యాల, నిర్మల్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి కొత్త బట్టలు వేసుకున్న పిల్లల్ని ఎత్తుకుని వరసగా నిలబడతారు. ఒళ్లో కూర్చోబెట్టుకుని, పళ్లెంలోని బియ్యంలో పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తారు. జూన్ రాగానే అదే పిల్లవాడికి టై కట్టి, నీళ్ల సీసా మెడలో వేసి సిస్టర్ల బడిలో ఎల్‌కేజీలో చేరుస్తారు. ఇందులో వాళ్లకు ఏ తికమకా లేదు. మా చెల్లెలి కొడుకును చేర్చడానికి పోయినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. సిస్టర్ మలయాళం యాస కలిసిన తెలుగులో మొదట అడిగిన మాట, "అక్షరాభ్యాసం చేయించారా?" "బాసరల చేపిచ్చినం సిస్టర్," అంది మా చెల్లె. "మంచిది. ఇక మేం రాయిస్తాం," అని ఆమె ఫారం మీద పేరు రాసుకుంది. వేములవాడ రాజన్న గుడి ప్రాంగణంలోనే దర్గా ఉన్న ప్రాంతం మాది. ఒక మొక్కు ఇక్కడ, ఒక మొక్కు అక్కడ తీర్చుకోవడం మా జనానికి కొత్త కాదు. ఆ సిస్టర్‌కు కూడా కొత్త కాదని ఆ రోజు అర్థమైంది.

మా బడిలో కథోలిక పిల్లలకు సత్యోపదేశం, మిగిలినవాళ్లకు నీతిబోధ అని వేర్వేరు తరగతులుండేవి. మా నీతిబోధ పాఠాల్లో ఏం చెప్పారో నాకిప్పుడు ఒక్కటీ గుర్తు లేదు. అసెంబ్లీ మాత్రం గుర్తుంది. పరలోక జపం అయ్యాక సిస్టర్ తన మాటల్లో ఒక చిన్న ప్రార్థన చేసేది. వానల కోసం, పరీక్షల కోసం, జ్వరమొచ్చిన పిల్లల కోసం. దాదాపు ప్రతి రోజూ ఒక వాక్యం ఉండేది, మొదటి షిఫ్టుకు దిగినవాళ్లందరూ క్షేమంగా పైకి రావాలని. మాలో సగం మంది తండ్రులు ఆ సమయానికి భూమి లోపల ఉండేవాళ్లు. ఏ మతం పిల్లవాడైనా ఆ వాక్యం దగ్గర కళ్లు గట్టిగా మూసుకునేవాడు. మేం ఎవరం మతం మారలేదు, మారమని ఎవరూ అడగలేదు. మా నాయన ఉన్న చోటు తెలిసిన మనిషి, ఆయన కోసం రోజూ ఒక నిమిషం నిలబడుతోందని మాత్రం మాకు తెలుసు. విశ్వాసం గురించి ఏ పాఠమూ ఇవ్వని సంగతి ఆ నిమిషం ఇచ్చింది.

ఆ ప్రార్థన అన్నిసార్లూ ఫలించలేదు. పైకప్పు కూలి మా తరగతిలో ఒకరి తండ్రి బాయిలోనే పోయాడు. మర్నాడు మా సిస్టర్లు ఇద్దరు వాళ్ల క్వార్టరుకు వచ్చి, ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. దినాలైన తర్వాత మావాడు గుండుతో బడికి వస్తాడని ముందే తెలుసు. వాడు వచ్చే ముందు రోజు సిస్టర్ తరగతికి వచ్చి, రేపు వాణ్ణి ఎవరూ వింతగా చూడొద్దనీ, ఏమీ అడగొద్దనీ, ఎప్పటిలాగే బెంచీలో జరిగి చోటివ్వాలనీ చెప్పింది. అంతే చేశాం. సింగరేణిలో తండ్రి పోతే కొడుక్కి ఉద్యోగం ఇస్తారు. వయసు రాగానే చేరిపోవచ్చు కదా, ఇక చదువెందుకని వాళ్ల మేనమామ అన్నాడట. సిస్టర్ ఒప్పుకోలేదు. "నౌకరి ఎక్కడికి పోదు, పది పాసైనంక పోనీ," అని ఆ మేనమామతో మాట్లాడింది. వాడు పది పాసయ్యాడు, అది సెకండ్ క్లాసు. ఏ గోడ మీదా వాడి ఫొటో పడలేదు. ఆ ఏడాది మా బడి సాధించిన వాటిలో అంతకంటే పెద్దది నాకు కనబడదు.

బొగ్గు ఊళ్లలో బాయి ఎట్లాగో, జగిత్యాల, సిరిసిల్ల వైపు దుబాయి అట్లాగ. తండ్రి ఏ మస్కట్‌లోనో క్యాంపులో ఉంటాడు, తల్లి చేట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ పిల్లల హోంవర్కు వైపు ఒక కన్నేసి ఉంచుతుంది. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం ఉండాల్సిన చోట తల్లి వేలిముద్ర ఉంటుంది. ఈ పిల్లల సంగతి కేరళ సిస్టర్లకు త్వరగా అర్థమవుతుందని నాకొక నమ్మకం. వాళ్ల ఊళ్లూ గల్ఫుకు మనుషుల్ని పంపిన ఊళ్లే. ఫోన్ కోసం ఎదురుచూడటం, రెండేళ్లకోసారి వచ్చే సెలవు, వచ్చిన మనిషిని చూసి చిన్న పిల్ల గుర్తుపట్టక తల్లి వెనక దాక్కోవడం వాళ్ల ఇళ్లలోనూ జరిగినవే. తన అన్న కూడా అట్లాగే పోయి ఉన్నాడని ఒక సిస్టర్ ఒక పిల్లతో చెబుతుంటే విన్నాను. ఆ పిల్ల అప్పటిదాకా తల వంచుకుని ఉంది, ఆ మాటకు తలెత్తి చూసింది.

ఇంత అల్లుకుపోయిన బంధాన్ని ఎంత సులువుగా తెంపొచ్చో 2024 ఏప్రిల్‌లో చూశాం. మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేటలో మదర్ థెరిసా పేరున ఉన్న కథోలిక బడికి కొందరు పిల్లలు హనుమాన్ దీక్ష వస్త్రాలతో వచ్చారు. దాని మీద మొదలైన వివాదం ఊరంతా పాకి, గుంపు బడిలోకి చొరబడింది. కిటికీల అద్దాలు పగిలాయి, మదర్ థెరిసా విగ్రహం మీద రాళ్లు పడ్డాయి, ఒక గురువును కొట్టారు. బడి పెద్దల మీదా పోలీసు కేసు నమోదైంది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా దగ్గర సిస్టర్ల బడుల్లో చదివేవాళ్లలో అత్యధికులు క్రైస్తవేతరుల పిల్లలే. పగిలిన ప్రతి అద్దం పక్కనా మన ఇంటి పిల్ల కూర్చునే బెంచీ ఉంది. దీక్షలో ఉన్న పిల్లవాడికి ఆ మాల ఎంత ముఖ్యమో బడికి తెలిసి ఉండాలి. బడికి యూనిఫాం ఎంత ముఖ్యమో ఇంటికి తెలిసి ఉండాలి. ఆ రెండూ తెలియాలంటే పేరెంట్స్ మీటింగులో మార్కుల మాట ముగిశాక ఇంకో పావుగంట కూర్చోవాలి. అదే నెల మొదట్లో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య తమ బడులకు కొన్ని సూచనలు పంపింది. ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దనీ, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలనీ, వీలైతే అన్ని మతాలవాళ్లకూ ఒక ప్రార్థన గది ఉంచాలనీ అందులో ఉంది. ఆ కాగితాన్ని తెలుగులో అచ్చు వేసి ప్రతి ఇంటికీ పంపి ఉంటే బాగుండేది.

ఇక ఆఫీసు గది దగ్గరికి వస్తాను.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో నాలుగో వంతు సీట్లు బలహీన వర్గాల, బీద కుటుంబాల పిల్లలకు ఇవ్వాలని చెప్పింది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని తీర్పు ఇచ్చింది. రాజ్యాంగం 30వ అధికరణం కింద తమ సంస్థలను తామే నడుపుకునే హక్కు మైనారిటీలకు ఉందన్నది ఆధారం. ఆ హక్కును నేను మనసారా గౌరవిస్తాను. అది లేకపోతే ఈ దేశంలో ఎన్నో మంచి బడులు పుట్టేవే కావు. అయితే ఆ తీర్పు కథోలిక బడి భుజాల మీద ఒక బరువు పెట్టిందని నా అభిప్రాయం. బీద పిల్లకు సీటు ఇవ్వమని ఇప్పుడు చట్టం చెప్పదు, కలెక్టరు అడగడు. ఇస్తే తన విశ్వాసం కొద్దీ ఇవ్వాలి, ఇవ్వకపోతే అదీ తన విశ్వాసం సంగతే చెబుతుంది. 1977లో రోమ్ నుంచి వెలువడిన 'కథోలిక పాఠశాల' అన్న పత్రం ఈ విషయంలో దాపరికం లేకుండా మాట్లాడింది. తమ చదువు ముందుగా బీదలకూ, ఇంటి ఆసరా లేనివాళ్లకూ, విశ్వాసానికి దూరంగా ఉన్నవాళ్లకూ అందాలనీ, డబ్బున్నవాళ్లకే ఎక్కువగా అందితే వాళ్ల పైస్థానాన్ని నిలబెట్టినట్టే అవుతుందనీ దాని సారం. ఇది బయటివాళ్లు చేసిన విమర్శ కాదు, వాళ్ల సొంత పెద్దలు రాసుకున్న మాట.

ఈ మాట మా ప్రాంతంలో ఎక్కడ గుచ్చుకుంటుందో చెబుతాను. విచారణ (పారిష్) పల్లెల్లో ఆదివారం పూజకు వచ్చే కుటుంబాలు చాలావరకు దళిత కుటుంబాలు. పల్లెలో ప్రార్థన నడిపే ఉపదేశి ఇంటి పిల్లలు, గుడి ఊడ్చే ఆమె పిల్లలు, క్రిస్మస్‌కు పశువుల పాక కట్టేవాళ్ల పిల్లలు. టౌన్‌లో ఇంగ్లిష్ మీడియం బడి ఫీజు వాళ్లకు అందదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సి కింద వస్తారు, ఆ వర్గానికి రిజర్వేషన్ ఒక్క శాతం. అంటే ప్రభుత్వం ఇచ్చే ఆసరా దగ్గర విశ్వాసం అడ్డొస్తుంది, గుడి ఇచ్చే ఆసరా దగ్గర ఫీజు అడ్డొస్తుంది. పాత రోజుల్లో విచారణల్లో బోర్డింగులుండేవి. పల్లె పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకునేవాళ్లు. వాటిలో చాలా మూతపడ్డాయి. ఇప్పుడు ఆ పని ఎక్కువగా ప్రభుత్వ గురుకులాలు చేస్తున్నాయి, బాగానే చేస్తున్నాయి. ఒక దళిత కథోలిక బాలిక గురుకులంలో సీటు తెచ్చుకుని డాక్టరైతే నాకు పట్టరాని సంతోషం. ఆ అమ్మాయి ఇంటికి కూతవేటు దూరంలో మరియమాత పేరున ఒక బడి ఉండి, అందులో ఆమెకు చోటు దొరకలేదంటే మాత్రం ఆ సంతోషంలో ఒక నొప్పి ఉంటుంది.

న్యాయంగా ఇంకోవైపు కూడా చెప్పాలి. ఈ బడుల్లో ఎన్నింటికో ప్రభుత్వం నుంచి పైసా రాదు. టీచర్ల జీతాలు, బస్సు డీజిలు, కరెంటు బిల్లు అన్నీ ఫీజుల్లోంచే. ఫీజు తగ్గించమని అడిగినవాళ్లే, సైన్స్ ల్యాబు ఎందుకు లేదని కూడా అడుగుతారు. ఫలితాలు చూపించకపోతే మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న కార్పొరేటు బడి బస్సు ఇంటి ముందుకే వచ్చి ఆగుతుంది. సిస్టర్లకు జీతం ఇంటికి పోదు, సభకే పోతుంది. వాళ్లలో చాలామంది ఎంత తక్కువతో బతుకుతారో కాన్వెంటు వంటగది చూసినవాళ్లకు తెలుసు. వాళ్ల మీద నాకున్న కృతజ్ఞతే ఇంత గట్టిగా అడిగే చనువు ఇచ్చింది.

ఇక రెండో చోటు, చివరి బెంచీ. మా అన్న బిడ్డ పదో తరగతిలో ఉన్నప్పుడు సాయంత్రం స్టడీ అవర్ నుంచి ఇంటికి తీసుకురావడం నా పని. జనవరిలో చీకటి తొందరగా పడేది. తరగతి గదిలో పిల్లలు దూరదూరంగా కూర్చుని చదువుకునేవాళ్లు. వంటామె స్టీలు గిన్నెలో శనగ గుడాలు తెచ్చి కాగితం ముక్కల్లో పంచేది. లెక్కల సారు ముందు వరసల్లో ఒక్కో నోట్‌బుక్కూ చూసుకుంటూ పోతుంటే, చివరి బెంచీలో ఒక అమ్మాయి పక్కన పెద్ద వయసు సిస్టర్ ఒకామె కూర్చుని ఉండేది. ఆ సిస్టర్ చెప్పేది హిందీ, లెక్కలు ఆమెకు రావు. ఆ అమ్మాయి ఒక్కో మెట్టూ పైకి చదువుతూ చేసేది, సిస్టర్ వింటూ ఉండేది. "తర్వాత?" అనేది. అమ్మాయి ఆగితే, "మళ్లీ మొదట్నుంచి చెప్పు, నాకు అర్థం కాలేదు," అనేది. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు, అందుకే ఆ ప్రశ్నలో నటన లేదు. ఆ పిల్ల ఇంకొకరికి అర్థమయ్యేట్టు చెప్పబోయి తనే తప్పు పట్టుకునేది. గేటు దగ్గర నిలబడి ఎదురుచూడాల్సినవాణ్ణి, కిటికీ దగ్గరికి పోయి ఇదే చూస్తూ ఉండిపోయేవాణ్ణి. ప్రీ-ఫైనల్‌లో లెక్కల్లో తప్పిన ఆ పిల్ల పబ్లిక్ పరీక్షలో గట్టెక్కింది.

ఇటలీలో ఫ్లోరెన్స్‌కు దగ్గరి కొండల్లో బార్బియానా అనే చిన్న పల్లె ఉంది. 1954లో అక్కడికి పంపిన లొరెంజో మిలానీ అనే గురువు, ప్రభుత్వ బడుల్లో తప్పిన రైతు పిల్లల్ని పోగుచేసి బడి నడిపారు. ఆయన చనిపోయిన 1967లోనే ఆ పిల్లలు కలిసి రాసిన 'ఒక పంతులమ్మకు ఉత్తరం' వెలువడింది. బీద పిల్లల్ని వరసగా తప్పిస్తూ, బడి నుంచి పంపేస్తూ, మంచి పిల్లల్ని మాత్రమే ఉంచుకుని మంచి బడి అనిపించుకోవడాన్ని వాళ్లు అంకెలతో సహా ఎండగట్టారు. వాళ్ల బడిలో అందరికంటే వెనకబడినవాడే అందరికంటే ముఖ్యమైనవాడు. వాడికి అర్థమయ్యేదాకా పాఠం ముందుకు పోయేది కాదు. మిలానీకి బతికుండగా పైవాళ్ల ఆదరణ దొరకలేదు. 2017లో పోప్ ఫ్రాన్సిస్ బార్బియానా వెళ్లి ఆయన సమాధి దగ్గర ప్రార్థన చేశారు. మా లెక్కలురాని సిస్టర్ ఆ పుస్తకం చదివి ఉంటుందని అనుకోను. అయినా ఆమె ఆ దారిలోనే ఉంది.

మార్కులు అక్కర్లేదని నేను అనడం లేదు. బీద ఇంటి పిల్లకు మార్కులే ఆస్తి. ముందుకు పోవాలంటే ఆమె చేతిలో ఉన్న కాగితం అదొక్కటే. ప్రశ్నంతా ఎంత దూరం నుంచి వచ్చి ఆ మార్కులు తెచ్చుకుందన్నదే. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీ ఈ సంగతి ఎప్పుడో గుర్తించింది. సీట్లు ఇచ్చేటప్పుడు ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లల పదో తరగతి జీపీఏకు 0.4 కలిపేవారు. వెనకబాటుకు ఒక అంకె ఇవ్వొచ్చని ప్రభుత్వానికే తోచినప్పుడు, దేవుడి పేరున నడిచే బడికి ఇంకెంత తోచాలి! తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చిన పిల్ల ఎవరో హెడ్ సిస్టర్‌కు తెలిసినట్టే, తన ఇంట్లో పది పాసైన మొట్టమొదటి పిల్ల ఎవరో కూడా తెలిసి ఉండాలి. ఇదేమీ కష్టమైన పని కాదు. అడ్మిషన్ ఫారంలో తల్లిదండ్రుల చదువు రాసే గడి ఉండనే ఉంది. బడి వార్షికోత్సవం రోజున ఆ పిల్లల్ని కూడా, తల్లులతో సహా స్టేజీ మీదికి పిలవాలి.

ఈ మాటలన్నీ ఊరికే రాసి వదిలేయడం ఇష్టంలేక, నాతో చదువుకున్నవాళ్లం కొంతమందిమి కలిసి మా బడికి పోయాం. సింగరేణిలో ఉన్నవాళ్లు, దుబాయిలో ఉన్నవాళ్లు, అమెరికా పోయినవాళ్లు అందరమూ కొంత కొంత వేసుకుంటాం, ప్రతి ఏడాది కొందరు పల్లె పిల్లల్ని ఎల్‌కేజీ నుంచి పది దాకా మా ఖర్చు మీద చదివించండి, ఉపదేశి ఇళ్లతో మొదలుపెట్టండి, బీడీ కార్మికుల కాలనీ దాకా పోండి అని అడిగాం. హెడ్ సిస్టర్ అంతా విన్నది. మావాళ్లలో ఒకరు, ఎవరు ఏ పిల్లను చదివిస్తున్నారో తెలిస్తే బాగుంటుందనీ, ఏడాదికోసారి ఫొటో, ప్రోగ్రెస్ కార్డు పంపితే ఇచ్చేవాళ్లకు ఉత్సాహంగా ఉంటుందనీ అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. డబ్బు ఆఫీసులో కట్టండి, రసీదు తీసుకోండి, లెక్క మొత్తం ఏటా చూపిస్తాను, ఏ పిల్ల ఫీజు ఎవరు కట్టారో మాత్రం మీకూ తెలియకూడదు, క్లాస్ టీచరుకూ తెలియకూడదు, ముఖ్యంగా ఆ పిల్లకు తెలియకూడదు అంది. మాలో కొందరికి అది నచ్చలేదు, కాసేపు వాదన కూడా జరిగింది. చివరికి ఆమె చెప్పినట్టే రాసి అందరం సంతకాలు పెట్టాం. ఫారాలు ఏప్రిల్‌లోనే ఇస్తారట. విచారణ పల్లెల్లో ఉపదేశుల చేత ఈ సంగతి చెప్పించే పని మా మీద పెట్టింది.